ఒంటరిగా వేటకు వెళ్ళేవారికే గైడు అవసరం ఎక్కువ

టెక్సస్ తీరంలో గాల్వెస్టన్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సముద్రానికీ నేలకూ మధ్య సన్నని ఇసుక దీవులు బారులు తీరి ఉంటాయి. ఆ దీవుల వెనుక చాలాచోట్ల నడుము లోతుకు మించని ఉప్పునీటి కయ్యలు, వాటిలోకి వచ్చి కలిసే ఉప్పుటేళ్ళు, నీటి అడుగున గడ్డి పరుచుకున్న మెరకలు, ఆల్చిప్పల దిబ్బలు ఉంటాయి. నడిసంద్రంలోకి పోకుండా ఈ లోపలి నీళ్ళలోనే సాగే చేపల వేటను ఇక్కడివాళ్ళు ఇన్‌షోర్ ఫిషింగ్ అంటారు. మోటారు పడవ అడుగు తగిలి ఆగిపోయే చోట కూడా, తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవైన కయాక్ కొద్ది అంగుళాల నీటి మీద సాగిపోతుంది కాబట్టి ఈ వేటకు అది ఎంతో అనువైనది. ఒక మనిషి, ఒక తెడ్డు, రెండు గాలపు కర్రలు ఉంటే చాలు కాబట్టి ఒంటరిగా వెళ్ళాలనుకునేవారికి ఇంతకంటే అనువైన వేట కూడా లేదు. హ్యూస్టన్, ఆస్టిన్, డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారిలో ఈ ఇష్టం పెంచుకున్నవారు నాకు తెలిసి కొందరున్నారు. నేనూ వారిలో ఒకణ్ణి.

ఈ మిత్రులతో నాకు తరచు వాదన వచ్చే విషయం ఒకటుంది. ఒంటరిగా వెళ్ళడంలోని సుఖం ఎరిగినవారు, గైడును పెట్టుకోవడమంటే ఆ సుఖాన్ని డబ్బిచ్చి మరీ వదులుకోవడమేనని అంటారు. ఎవరి మాటా వినబడని ఆ ఉదయం కోసమే కదా ఇంత దూరం వెళ్తున్నాం, పక్కన మరొకరు చేరి అటు విసరమనీ ఇటు విసరమనీ చెబుతుంటే ఇంకేం మిగిలింది అన్నది వారి ప్రశ్న. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. నలుగురు స్నేహితులు కలిసి వెళ్ళినప్పుడు గైడు లేకపోయినా ఎలాగో గడిచిపోతుంది. ఒక్కరే వెళ్ళదలచుకున్నవారు మాత్రం ముందు కొంతకాలం గైడు వద్ద నేర్చుకుని తీరాలి. ఆ నేర్చుకున్న రోజు విలువను పట్టిన చేపల సంఖ్యతో కాక, అతను లేకుండా ఆ తరువాత మనం ఎంత నిబ్బరంగా వెళ్ళి రాగలమో దానితో కొలవాలి. గైడును ఎంచుకోవడం, అతనితో ముందుగా మాట్లాడుకోవడం, నీటి మీద ఆ కొద్ది గంటలు గడపడం, అన్నీ ఈ కొలత ప్రకారమే జరగాలని నేను నమ్ముతాను.

ఇద్దరు కలిసి వెళ్ళినప్పుడు ఒకరి కయాక్ బోల్తాపడితే రెండోవారు పక్కకు వచ్చి దాన్ని అదిమి పట్టుకుంటారు, కొట్టుకుపోతున్న తెడ్డును అందుకుంటారు, అవసరమైతే ఫోను చేస్తారు. గాలం అరచేతిలో దిగబడితే తీయడానికి మరో రెండు చేతులు ఉంటాయి. ఒక్కరే ఉన్నప్పుడు ఇవన్నీ తానే చేసుకోవాలి, అదీ తడిసిన బట్టలతో, కదిలే నీటిలో, బెదిరిన మనసుతో. ఒంటరి వేటలో ప్రమాదం కొత్తగా పుట్టదు. తోడు ఉన్నప్పుడు పంచుకునే ప్రమాదమే మొత్తంగా ఒక్కరి మీద పడుతుంది. అందుచేత తోడుతో వెళ్ళేవారికి తెలియకపోయినా చెల్లిపోయే విషయాలు ఒంటరివారికి తెలిసి ఉండాలి. వాటిలో మొదటిది గాలి.

ఈ వేట గురించి మాట్లాడేవారు ఎరల మీద గంటలు గడుపుతారు, గాలి గురించి ఒక మాట అనేసి ఊరుకుంటారు. టెక్సస్ కయ్యలలో ప్రాధాన్యం దీనికి తలకిందులుగా ఉండాలి. ఇక్కడి పోటుపాట్లు చిన్నవి. తీరంలోనే ఒకటి రెండు అడుగులకు మించని పోటు లోపలి కయ్యలలోకి వచ్చేసరికి చాలాచోట్ల అంగుళాలకు తగ్గిపోతుంది; కాకినాడ, కోరింగ ప్రాంతాల నీటిని చూసి పెరిగినవారికి ఇది పోటేనా అనిపిస్తుంది. ఇక్కడ నీటిని నడిపేది చంద్రుడికంటే ఎక్కువగా గాలి. వేసవిలో తెల్లవారుజామున నీరు కదలకుండా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి మొదలై, మధ్యాహ్నానికి చాలా రోజుల్లో గంటకు 15, 20 మైళ్ళ వేగానికి చేరుతుంది. తెడ్డు వేసే మామూలు మనిషి నిలకడగా గంటకు సుమారు మూడు మైళ్ళు పోగలరు. అదే మనిషి ఆ ఎదురుగాలిలో, ఎదురొచ్చే అలల మీద, అందులో సగం వేగం నిలబెట్టుకోవడమే కష్టం. పొద్దున గంటలో పోయిన దూరానికి తిరుగు ప్రయాణం రెండు మూడు గంటలు పట్టవచ్చు, అదీ ఎండలో అలసిపోయిన భుజాలతో.

కాబట్టి చేపలు ఎక్కడున్నాయన్న ప్రశ్నకు ముందే, మధ్యాహ్నం గాలి నన్ను ఎటు నెడుతుందన్న ప్రశ్న రావాలి. కయాక్ దించే రేవు కయ్యకు వాయవ్యపు ఒడ్డున ఉండి, వేట అక్కడి నుంచి ఆగ్నేయంగా సాగితే, మధ్యాహ్నపు గాలి మనిషిని రేవు వైపే తెస్తుంది. రేవు ఆగ్నేయాన ఉంటే అదే గాలి నిమిష నిమిషానికీ దూరం పెంచుతుంది. చెబితే ఎవరికైనా అర్థమయ్యే విషయమే ఇది. కాని కదలని నీటి మీద చేపల తోకలు కనబడుతున్న ఉదయాన, ఇంకా రాని గాలిని దృష్టిలో పెట్టుకుని వెనక్కి తిరగడం అర్థం చేసుకోవడం వల్ల వచ్చేది కాదు. ఎవరో ఒకరు పక్కనుండి, ఇప్పుడు తిరగాలి అని చెప్పి, తిరిగాక ఆ గాలి వచ్చినప్పుడు చూపిస్తే వస్తుంది.

చలికాలంలో లెక్క మారుతుంది. ఇక్కడివాళ్ళు నార్తర్ అని పిలిచే ఉత్తరపు గాలి కొద్దిసేపట్లోనే దిశ మార్చి, చలిని దించి, కయ్యలలోని నీటిని దక్షిణానికి తోసి, దీవుల మధ్య సందుల గుండా సముద్రంలోకి ఖాళీ చేయిస్తుంది. ఒక అడుగు నీటి మీద లోపలి మడుగులోకి వెళ్ళిన కయాక్, ఆ అడుగు నీరూ పోయాక బురద మీద ఆగిపోతుంది. దిగి నడుద్దామంటే తొడల దాకా కూరుకుపోయే చోట్లున్నాయి, బురదలో పదునైన ఆల్చిప్పలున్నాయి, చీకటి పడేసరికి చలి ఎముకలకు పడుతుంది. వాతావరణ సూచనలో ఉత్తరపు గాలి అని చదివినంత మాత్రాన ఇదంతా కళ్ళకు కట్టదు. ఆ కయ్యలో ఎన్నో చలికాలాలు గడిపినవారికి కడుతుంది. గైడుకు ఇచ్చే డబ్బులో నా దృష్టిలో అత్యధిక భాగం ఈ చూపుకే చెందుతుంది.

అరాన్సస్ పాస్, పోర్ట్ అరాన్సస్ ఊళ్ళ మధ్య, 1857 నాటి పాత దీపస్తంభం పక్కన, లైట్‌హౌస్ లేక్స్ అనే చోటు ఉంది. నల్ల మడ చెట్ల మధ్య చిన్న చిన్న మడుగులు, వాటిని కలిపే ఇరుకు పాయలు అక్కడ అల్లుకుపోయి ఉంటాయి. మన కోరింగ అడవిలో కనబడే మడ చెట్లకు ఇవి దగ్గరి బంధువులు, కాని పొట్టివి. కయాక్‌లో కూర్చుంటే చుట్టూ ఒకే ఎత్తున పచ్చదనం తప్ప గుర్తుపట్టడానికి ఏమీ కనబడదు. రాష్ట్ర ప్రభుత్వం అక్కడ కయాక్‌ల కోసం అంకెలు వేసిన గుర్తులతో దారులు ఏర్పాటు చేసింది. రహదారి పక్కనున్న రేవు నుంచి ఆ మడుగులకు చేరాలంటే ముందు మోటారు పడవలు వేగంగా తిరిగే అరాన్సస్ కాలువను అడ్డంగా దాటాలి.

అక్కడ నాకు మొదట దారి చూపిన గైడు ఆ తీరంలోనే పుట్టి పెరిగిన మనిషి. కయాక్‌ను నీటిలోకి దించకముందే ఒడ్డున నిలబెట్టి, ఇప్పుడు గాలి ఎటు నుంచి వస్తోంది, మధ్యాహ్నం ఎటు నుంచి రాబోతోంది, ఫోను పనిచేయకపోతే ఏ గుర్తు చూసి వెనక్కి వస్తావు అని అడిగాడు. కాలువ దగ్గర ఆగి, పడవ నడిపేవారికి మనం కనబడటం లేదనే అనుకుని దాటాలని, వాలుగా కాక తిన్నగా, తక్కువ సమయంలో దాటాలని, పెద్ద పడవ పోయిన తరువాత ఆలస్యంగా వచ్చే అలకు కయాక్ ముక్కు ఎదురు పెట్టాలని చెప్పాడు. పాయల్లోకి ప్రవేశించాక ప్రతి మలుపు దగ్గరా వెనక్కి తిరిగి చూడమనేవాడు, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు మనకు కనబడేది ఆ వెనుక దృశ్యమే, ముందుకు వెళ్ళేటప్పుడు చూసింది కాదు. నీటి అంచున మడ కొమ్మల మీద తడి గీత చూపించి, నీరు ఎక్కుతోందో దిగుతోందో గడియారం లేకుండా ఎలా చెప్పవచ్చో చూపించాడు. కొంత సేపయ్యాక తన కయాక్‌ను నా వెనక్కి తెచ్చుకుని, ఇక నువ్వే ముందు నడువు, నేను మాట్లాడను అన్నాడు. ఆ తరువాత నేను ఏ పాయలోకి తిరగాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు వెనక్కి మళ్ళాలో నిర్ణయించుకున్నాను, అతను అనుసరించాడు. ఒంటరివారికి కావలసిన గైడు అంటే నా ఉద్దేశం సరిగ్గా ఇదే. ముందుండి చేప దగ్గరికి తీసుకువెళ్ళేవాడు మంచి సేవ చేస్తున్నట్టే, కాని వెనకుండి మనల్ని నిర్ణయించుకోనిచ్చేవాడు మనల్ని ఒంటరి ప్రయాణానికి సిద్ధం చేస్తున్నాడు.

అతని వద్ద అడిగి నేర్చుకోవలసిన రెండో పాఠం బోల్తాపడిన కయాక్ మీదికి తిరిగి ఎక్కడం. ఈ వేటకు ఎక్కువగా వాడేది పైన కూర్చునే రకం కయాక్. దాని డొల్ల నీరు చొరకుండా మూసి ఉంటుంది, పైభాగంలో పడిన నీరు రంధ్రాల గుండా కిందికి పోతుంది, కాబట్టి బోల్తాపడినా సాధారణంగా మునిగిపోదు. అవతలి అంచు పట్టుకుని దాన్ని సరిచేసి, నీటి మీద పడుకున్నట్టుగా సాగి, కాళ్ళతో బలంగా తన్నుతూ పొట్ట మీద అడ్డంగా దాని మీదికి లాక్కుని, ఒత్తిగిలి కూర్చుని, చివరికి కాళ్ళు లోపలికి తెచ్చుకోవాలి. చదవడానికి నాలుగు ముక్కలు. లైఫ్ జాకెట్ ఛాతీకి అడ్డం పడుతుంటే, కాళ్ళకు బూట్లుంటే, అల ప్రతిసారీ కయాక్‌ను దూరం తోస్తుంటే, మొదటి ప్రయత్నంలో ఎక్కగలిగేవారు అరుదు. నడుము లోతు నీటిలో, గైడు పక్కనుండగా, కావాలని బోల్తా కొట్టి, పట్టు దొరికేదాకా మళ్ళీ మళ్ళీ ఎక్కి చూడాలి. ఆ తరువాత నిలబడలేని లోతులో ఒకసారి. నేను అడిగినప్పుడు ఏ గైడూ దీనికి కాదనలేదు. అడిగేవారు తక్కువ కాబట్టి వారంతట వారు చెప్పడమూ తక్కువ.

మనవారి విషయంలో ఈ పాఠానికి మరింత బరువుందని నేను అనుకుంటాను. అమెరికాలో చెరువుల్లోనో జలపాతాల దగ్గరో తెలుగు విద్యార్థులు మునిగి చనిపోయిన వార్తలు చదవని సంవత్సరం ఉండటం లేదు. చెరువులూ కాలువలూ ఉన్న ఊళ్ళలో పుట్టినా, చదువుల కోసం పట్నాలలో పెరిగి, ఈత రాకుండానే పెద్దవాళ్ళయినవారు మనలో చాలామంది. అమెరికా తీర రక్షక దళం ఏటా ప్రకటించే లెక్కల ప్రకారం, పడవ ప్రమాదాలలో మునిగి చనిపోయినవారిలో ప్రతి పదిమందికీ ఎనిమిదిమందికి పైగా లైఫ్ జాకెట్ తొడుక్కోనివారే. టెక్సస్ చట్టం 13 ఏళ్ళలోపు పిల్లలు దాన్ని తొడుక్కుని ఉండాలంటుంది, పెద్దలకు పడవలో అందుబాటులో ఉంటే చాలంటుంది. ఒంటరిగా వెళ్ళేవారు ఆ సడలింపును తమకు వర్తింపజేసుకోకూడదు. కయాక్ వెనుక తాడుతో కట్టి ఉంచిన జాకెట్, కయాక్ గాలికి కొట్టుకుపోయినప్పుడు దానితోపాటే వెళ్ళిపోతుంది.

కయాక్ దిగి నీటిలో నడుస్తూ గాలం వేయడం ఇక్కడ మామూలు. అడుగు ఎత్తి వేయకుండా కాళ్ళను నేల మీద ఈడుస్తూ నడిస్తే, ఇసుకలో పడుకుని ఉండే ముల్లు తోక స్టింగ్‌రే చేపలు ముందుగానే తప్పుకుంటాయి. ఇది ఏ గైడైనా మొదటి గంటలోనే చెబుతాడు. అంతగా ఎవరూ చెప్పనిది, వెచ్చని ఉప్పునీటిలో ఉండే విబ్రియో బాక్టీరియా సంగతి. చర్మం మీద చిన్న గాయం గుండా అది ప్రవేశిస్తే, ముఖ్యంగా కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్నవారికి ప్రాణం మీదికి వస్తుంది. మన కుటుంబాలలో మధుమేహం ఎంత సాధారణమో తెలిసినవారు, ఎండాకాలంలో కాలి మీద పుండుతో నీటిలో దిగకూడదు. ఆ సంగతి గైడుకు ముందే చెబితే దిగే అవసరం లేని చోటికి తీసుకువెళ్తాడు.

ఇక చేపల సంగతి. ఈ కయ్యలలో అందరూ కోరుకునేది రెడ్ డ్రమ్, వాడుకలో రెడ్‌ఫిష్. మన తీరంలో గొరక అనే చేపల కుటుంబానికే ఇది చెందుతుంది. రాగి రంగు ఒళ్ళు, తోక మొదట్లో నల్ల చుక్క, గుడ్లు పెట్టే కాలంలో మగచేప చేసే డప్పు చప్పుడు దీని గుర్తులు. పిల్ల చేపగా కయ్యలలో చేరి, గడ్డిలో, ఆల్చిప్పల మధ్య పీతలనూ రొయ్యలనూ తింటూ కొన్నేళ్ళు పెరిగి, పెద్దదయ్యాక సముద్రంలోకి వెళ్ళిపోతుంది. అందుకే రాష్ట్రం సాధారణంగా 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్న చేపలను రోజుకు మూడింటిని మాత్రమే ఉంచుకోనిస్తుంది. 28 అంగుళాలు దాటినది సంతానాన్ని ఇవ్వవలసిన చేప.

దీన్ని పట్టడంలో కష్టమంతా చూడటంలోనే ఉంది. మోకాలి లోతు నీటిలో తల కిందికి పెట్టి పీతను వెతుక్కుంటున్న రెడ్‌ఫిష్ తోక కొస నీటి పైకి వస్తుంది. చాలాసార్లు అదీ రాదు. గాలికి లేచిన చిరు అలల మధ్య ఒక్కచోట మాత్రం నీరు వేరే దిక్కుకు కదులుతుంది, లేదా గడ్డిలో బురద మేఘం ఒకటి అప్పుడే లేచి ఉంటుంది. ముల్లెట్ చేప ఒకటి ఎగిరితే దానికి అర్థం లేకపోవచ్చు. గుప్పెడు రొయ్యలు ఒకేసారి ఒకే వైపుకు ఎగిరితే కింద ఏదో తరుముతోందని అర్థం. సూర్యుడిని వీపు వైపు ఉంచుకోవడం, నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకోవడం, విసిరే ముందు ఆ చేప ముఖం ఎటుందో తేల్చుకోవడం వంటివి చెప్పుకోవడానికి చిన్నవి. గైడు వేలు పెట్టి చూపించి, మనకు కనబడక, మళ్ళీ చూపించి, ఒక్కసారి కనబడ్డాక, కన్ను ఇక దాన్ని మరచిపోదు. ఈ విద్య పుస్తకం నుంచి రావడానికి పట్టే ఏళ్ళలో కొన్నింటిని గైడు ఆదా చేస్తాడు. ఎరలు, రీళ్ళు, దారాల బలాలు గురించి నేను ఇక్కడ రాయడం లేదు. వాటికి సలహా ఇచ్చేవారు ప్రతి దుకాణంలోనూ ఉన్నారు.

మంచి గైడు నేర్పేవాటిలో ఆ నీటి పట్ల బాధ్యత కూడా ఒకటి. ఈ చేపలు ఇప్పుడు ఇన్ని ఉన్నాయంటే దాని వెనుక పోరాటం ఉంది. వలలతో రెడ్‌ఫిష్ తరిగిపోతోందని 1977లో హ్యూస్టన్‌లో కొందరు వేటగాళ్ళు సంఘం కట్టారు. 1981లో టెక్సస్ శాసనసభ రెడ్‌ఫిష్‌నూ మచ్చల ట్రౌట్ అనే మరో చేపనూ పట్టి అమ్మడాన్ని నిషేధించింది. అరాన్సస్ పాస్ దగ్గరి రెడ్‌ఫిష్ బే అనే కయ్యలో నీటి అడుగు గడ్డిని మోటారు పంకాలతో పెకలించడం 2006 నుంచి నేరం. 2013లో ఆ నియమం తీరమంతటికీ వచ్చింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన మంచు తుపానులో టెక్సస్ తీరాన కనీసం 38 లక్షల చేపలు చనిపోయాయని రాష్ట్ర వన్యప్రాణి శాఖ అంచనా వేసింది. పోర్ట్ అరాన్సస్ చుట్టూ మడ చెట్లు పెద్ద ఎత్తున ఎండిపోయాయి. ఆ ఫిబ్రవరిని కళ్ళారా చూసిన గైడు చేపను నీటిలోంచి ఎత్తే తీరు వేరుగా ఉంటుంది. తడి చేతులతో, పొట్ట కింద ఆసరా ఇచ్చి, మొప్పలు తాకకుండా, వదిలేముందు దానంతట అది తోక ఆడించేదాకా ఆగుతాడు. ఎవరూ చూడని చోట కూడా అలాగే చేయడం ఒంటరి వేటగాడి బాధ్యత, ఎందుకంటే అతన్ని సరిదిద్దేవారు పక్కన ఉండరు.

నాతో వాదించే మిత్రులు ఇంకొక మాట అంటారు: ఉపగ్రహ చిత్రాలున్నాయి, ఫోనులో గాలి సూచనలున్నాయి, వేల వీడియోలున్నాయి, ఇక గైడు దేనికని. నేనూ ఆ చిత్రాలను గంటల తరబడి చూస్తాను, వాటి వల్ల పాయల ఆకారం తెలుస్తుంది. కాని వీడియోలో ఉండేది చేప పడిన పది నిమిషాలు. ఆ మనిషి ఏ గంటకు రేవు చేరాడో, ఏ మడుగులోకి వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాడో, ఎన్ని ఉదయాలు గాలి చూసి అసలు బయలుదేరలేదో అందులో ఉండవు. ఒంటరివారికి కావలసినది ఆ మిగతా భాగమే.

గైడు చూపించిన చోట్లను ఫోనులో గుర్తు పెట్టుకుని, మరుసటి వారం ఒక్కరే వెళ్ళి అక్కడే గాలం వేయడం సరైనదేనా అన్నది నిజమైన చిక్కు. ఆ చోట్లు అతనికి ఏళ్ళ శ్రమతో వచ్చిన జీవనాధారం. నా సమాధానం ఏమిటంటే, చోటును కాదు, చోటులోని కారణాన్ని నేర్చుకోవాలి. రెండు ఆల్చిప్పల దిబ్బల మధ్య సందు గుండా నీరు దిగేటప్పుడు చేప అక్కడెందుకు కాచుకుని ఉందో అడిగి తెలుసుకుంటే, అలాంటి సందులు ఆ తీరంలో లెక్కలేనన్ని ఉన్నాయి. ముందే గైడుతో, మీ చోట్లను నేను గుర్తు పెట్టుకోను, ఇంకెవరికీ చెప్పను, నాకు ఆలోచనా విధానం నేర్పండి అని చెబితే, అతను అంతవరకూ బిగపట్టుకున్న మాటలు విప్పుతాడు. ఇది నా అనుభవం.

గైడును ఎంచుకునేటప్పుడు చూడవలసినవి కొన్నే. టెక్సస్‌లో కయాక్ మీద డబ్బు తీసుకుని వేటకు తీసుకువెళ్ళేవారికి రాష్ట్రం విడిగా లైసెన్సు ఇస్తుంది. దానికి ప్రథమ చికిత్స, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ ధ్రువపత్రాలు, గుర్తింపు పొందిన సంస్థ నుంచి కయాక్ శిక్షణ కావాలి. ఆ లైసెన్సు ఉందా అని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. వేటకు వెళ్ళే మనకు కూడా ఉప్పునీటి వేట లైసెన్సు ఉండాలి. గైడు లైసెన్సు మనకు వర్తించదు. ఆ తరువాత అడగవలసిన ప్రశ్న, ఏ గాలికి మీరు ప్రయాణం రద్దు చేస్తారు అన్నది. దీనికి వెంటనే ఒక అంకె చెప్పగలిగినవారు దాని గురించి ఆలోచించినవారు. తెల్లవారి నాలుగింటికి ఫోను చేసి ఈరోజు వద్దు అన్న గైడును నేను వదులుకోను.

పూర్తిగా ఒంటరిగానూ కాక, పూర్తిగా పక్కపక్కనా కాక మధ్యస్థంగా ఉండే పద్ధతి ఒకటుంది. తెడ్డుతో చేరలేనంత దూరపు మడుగులకు కయాక్‌లను మోటారు పడవ మీద ఎక్కించుకుపోయి, అక్కడ దించి, ఎవరి వేట వారిని చేసుకోనిచ్చి, రేడియో అందే దూరంలో లంగరు వేసుకుని, చెప్పిన గంటకు వచ్చి ఎక్కించుకునే సేవ ఇది. మాటామంతీ లేని వేట కోరేవారికి ఇది చక్కగా సరిపోతుంది, మొదటి పాఠాలు అయ్యాక మాత్రమే.

ఖర్చు మాటకు వస్తే, ఇక్కడ నాకు గైడుల మీదనే ఫిర్యాదు ఉంది. సగం రోజుకు కొన్ని వందల డాలర్లు అయ్యే ఈ సేవకు ధరను చాలామంది ఇద్దరికి లెక్కగట్టి పెడతారు. ఒక్కరే వస్తే ఇద్దరి ధర చెల్లించాలి, లేదా ముక్కూ మొహం తెలియని మరొకరితో జత కట్టాలి. ఇద్దరినీ చూసుకోవలసి వచ్చినప్పుడు గైడు దృష్టి సహజంగానే తక్కువ తెలిసినవారి మీదికి పోతుంది. రెండోవారికి నేర్చుకునే రోజు కాస్తా వేచి ఉండే రోజవుతుంది. గైడుకు ఎంతమంది వచ్చినా పోయేది ఒకే ఉదయం అన్న వాదన నాకు అర్థమవుతుంది, అందుకని ఒంటరివారికి సగం ధర ఇవ్వమని అడగను. ఒక్కరి ధర ఎంతో వారు విడిగా, బహిరంగంగా రాసి పెట్టాలి. వారాంతం కాని రోజుల్లో, వారికెలాగూ ఖాళీగా ఉండే ఉదయాల్లో, దాన్ని కాస్త తగ్గించాలి. కొనేవారి వైపు నుంచి నా సలహా, అపరిచితుడితో పూర్తి రోజు కంటే ఒక్కరే సగం రోజు తీసుకోండి, అదీ రెండు వేర్వేరు కాలాల్లో, వేసవిలో ఒకసారి, ఉత్తరపు గాలులు మొదలయ్యాక ఒకసారి. బుక్ చేసేటప్పుడు పంపే ఉత్తరంలో మీ బరువు, ఈత ఎంత వచ్చు, వాడే మందులు, భుజం నొప్పులు దాచకుండా రాయండి. ఆ తరువాత, నేను త్వరలో ఇదే నీటి మీదికి ఒంటరిగా రాబోతున్నాను, ఈ రోజు చేప పడకపోయినా పరవాలేదు, నన్ను దానికి సిద్ధం చేయండి అని స్పష్టంగా రాయండి. ఆ ఉత్తరానికి ప్రశ్నలతో జవాబు రాసిన గైడును ఎంచుకోండి. ఫొటోలతో జవాబు రాసినవారిని మీ స్నేహితులతో కలిసి వెళ్ళే రోజుకు అట్టేపెట్టుకోండి.